మొలక చూడని బ్యాకప్

మా గరికపాడు చుట్టుపక్కల కంప్యూటర్ లేని వ్యాపారం ఇప్పుడు వెతికితే తప్ప దొరకదు. సిమెంటు లారీలు తూచే కాటా, మిర్చి దాచే కోల్డ్ స్టోరేజీ, పత్తి జిన్నింగు మిల్లు, ఎరువుల కొట్టు... అన్నింటి లెక్కలూ డేటాబేస్‌లోకి ఎక్కాయి. జగ్గయ్యపేట, నందిగామల మధ్య ఇలాంటి కొన్ని చోట్ల కంప్యూటర్లు చూసిపెట్టడం నా బతుకుదెరువు. కొత్త చోటికి వెళితే గుమాస్తాను రెండు ప్రశ్నలు అడుగుతాను. "బ్యాకప్ తీస్తున్నారా?" అంటే, "ఎందుకు తీయమండీ, రోజూ పెన్‌డ్రైవ్‌లోకి పోతుంది" అని తడుముకోకుండా చెబుతారు. "దాన్ని ఎప్పుడైనా వేరే మెషీన్‌లోకి ఎక్కించి చూశారా?" అంటే, "అంత అవసరం ఎప్పుడొచ్చిందండీ!" అంటారు.

అవసరం వచ్చిననాడు చూసుకుందాంలే అనే ఆ ధీమాతోనే నా పేచీ. వ్యాపారులు తమ సొమ్ముతో ఆ ధీమా చూపితే అది వాళ్లిష్టం. కానీ సహకార సంఘాలు, ప్రభుత్వ కార్యాలయాలు జనం సొమ్ముతో, జనం భూములతో అదే ధీమా చూపకూడదు. నేను చూసిన తనిఖీ కాగితాల్లో "బ్యాకప్ తీస్తున్నారా: అవును, కాదు" అని ఒక గడి ఉంటుంది. ఆ గడిని కొట్టేసి, "చివరిసారి ఎక్కించి చూసిన తేదీ" అని రాయాలన్నది నా వాదన.

ఒక ఎరువుల కొట్టు సంగతి చెబుతాను. ఊరూ పేరూ వద్దు. ఖరీఫ్ అదనులో, కొట్టు ముందు జనం ఆగని రోజుల్లో, హార్డ్‌డిస్క్ పోయింది. యజమాని కంగారు పడలేదు. రాత్రి కొట్టు కట్టేశాక దానంతట అదే బ్యాకప్ తీసే బ్యాచ్ ఫైలు ఒకటి ఏనాడో ఎవరో కుర్రాడు రాసిపెట్టి వెళ్లాడు. పెన్‌డ్రైవ్ తెరిస్తే తేదీల వారీగా ఫైళ్లు బారులు తీరి కనిపించాయి. సంక్రాంతి దాటాక పుట్టినవన్నీ సున్నా కేబీ! పండగ రోజుల్లో ఎవరో డేటాబేస్ పాస్‌వర్డ్ మార్చారు. బ్యాచ్ ఫైలులో పాత పాస్‌వర్డే ఉండిపోయింది. ప్రతి రాత్రీ కమాండ్ వెళ్లేది, డేటాబేస్ లోపలికి రానిచ్చేది కాదు. అయినా ఆనాటి తేదీతో ఒక ఖాళీ ఫైలు మాత్రం పుట్టేది. లోపలికి రానివ్వలేదని చెప్పే ఆ ఒక్క లైను, మనిషి లేని గదిలో నల్ల తెర మీద కనిపించి పోయేది. చివరికి ఉద్దెర ఖాతాలన్నీ రైతుల దగ్గరున్న చీటీలు అడిగి, వాళ్ల నోటిమాట నమ్మి తిరగరాసుకున్నారు. రైతులు దాచకుండానే చెప్పారు. కానీ చీటీ పోయినచోట ఇటు యజమానికీ అటు రైతుకూ మనసులో ఒక అనుమానం ఉండిపోయింది.

ఇక్కడ యంత్రం చేసిన మోసమేమీ లేదు. బ్యాకప్ తీసే పనిముట్లు ఎలా నడుస్తాయో తెలిస్తే ఆ సంగతి అర్థమవుతుంది. మనం వాడే డేటాబేస్‌లలో ఎక్కువ భాగం రిలేషనల్ రకానివి. ఐబీఎంలో పనిచేసిన ఎడ్గర్ కాడ్ 1970లో ప్రతిపాదించిన పద్ధతి అది. రైతుల పేర్లు ఒక పట్టికలో, సరుకు ఒక పట్టికలో, బిల్లులు ఇంకో పట్టికలో ఉంటాయి. వాటిని కలిపేవి నంబర్లు. బిల్లులో రైతు నంబరు 412 అని ఉంటే, పేర్ల పట్టికలో ఆ 412 ఎవరో ఉండి తీరాలి. అందుకే, నడుస్తున్న డేటాబేస్ ఫోల్డర్‌ను అలాగే ఎత్తి పెన్‌డ్రైవ్‌లో వేస్తే కుదరదు. పేర్ల పట్టిక కాపీ అయ్యాక కొత్త రైతు చేరి, అతని బిల్లు మాత్రం కాపీలోకి వచ్చిందంటే ఆ బిల్లుకు దిక్కుండదు.

దీనికోసమే మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేస్‌కు మైఎస్‌క్యూఎల్‌డంప్, పోస్ట్‌గ్రెస్ అనేదానికి పీజీడంప్ అనే పనిముట్లు ఉన్నాయి. రెండూ ఉచితమే. నల్ల తెర మీద ఒక్క లైను టైపు చేస్తే చాలు, ఏ పట్టిక ఎలా కట్టాలి, అందులో ఏమేం నింపాలి అన్న ఆదేశాలన్నీ ఒక ఫైలుగా రాసిస్తాయి. తిరిగి ఎక్కించడమంటే ఆ ఆదేశాలను ఖాళీ డేటాబేస్ చేత వరసగా చేయించడమే.

అయితే ఇవి అడిగినంతే ఇస్తాయి. మైఎస్‌క్యూఎల్‌డంప్‌కు 'సింగిల్ ట్రాన్సాక్షన్' అని జోడిస్తే, ఇన్నోడీబీ రకం పట్టికలన్నీ ఒకే క్షణంలో ఎలా ఉన్నాయో అలా రాస్తుంది. కౌంటరు మీద బిల్లింగు ఆపక్కర్లేదు. పాత మైఐసామ్ రకం పట్టికలుంటే వాటికి ఆ హామీ లేదు. 'రొటీన్స్', 'ఈవెంట్స్' అని విడిగా అడగకపోతే డేటాబేస్‌లో దాచిన ప్రొసీజర్లూ, వేళ ప్రకారం నడిచే పనులూ డంప్‌లోకి రావు. ఎక్కించాక ఖాతాలన్నీ కనిపిస్తాయి, వడ్డీ లెక్కగట్టే ప్రొసీజర్ మాత్రం కనిపించదు. పోస్ట్‌గ్రెస్‌లో పీజీడంప్ ఒక్క డేటాబేస్ వరకే చూస్తుంది. లాగిన్ పేర్లు కూడా కావాలంటే పీజీడంప్ఆల్ నడపాలి. ఈ సంగతి చాలామందికి కొత్త సర్వర్‌లోకి ఎవరూ లాగిన్ కాలేని రోజునే తెలుస్తుంది.

తెలుగులో లెక్కలు రాసేవాళ్లకు ఇంకో గండం ఉంది. విండోస్ పవర్‌షెల్‌లో డంప్‌ను బాణం గుర్తుతో ఫైలులోకి మళ్లిస్తే, ఆ ఫైలు యూటీఎఫ్-16 రూపంలో తయారవుతుంది. మైఎస్‌క్యూఎల్ దాన్ని సరిగా తిరిగి తీసుకోలేదు. బాణానికి బదులు 'రిజల్ట్ ఫైల్' వాడమని మైఎస్‌క్యూఎల్ మాన్యువల్‌లోనే ఉంది. అక్షరాల సెట్టింగు లాటిన్-1గా ఉండిపోతే మరీ ఘోరం. తెలుగులో రాసిన రైతు పేరంతా ప్రశ్నార్థకాల వరసగా మారిపోతుంది. ఫైలు సైజు చూసినా, తేదీ చూసినా ఇది బయటపడదు. ఎక్కించి, ఒక ఖాతా తెరిచి, పేరు చదివితేనే బయటపడుతుంది.

మా ఊళ్లో కృషి విజ్ఞాన కేంద్రం ఉంది. విత్తనం సంగతి ఇక్కడ ఎవరికీ నేర్పక్కర్లేదు. ఇంట్లో దాచిన మినుములు బస్తా నిండా ఉన్నాయి కదా అని ఏ రైతూ నేరుగా విత్తడు. గుప్పెడు గింజలు తడిగుడ్డలో చుట్టి మొలక చూస్తాడు. ధ్రువీకరించిన మినుము విత్తనమైతే నూటికి 75, వరి అయితే 80 మొలవాలని ప్రమాణం కూడా ఉంది. బస్తా బరువు చూసి విత్తనం మంచిదని సంతకం పెట్టే అధికారి లేడు. డేటా దగ్గరికి వచ్చేసరికి మాత్రం బస్తా కనబడితే చాలు, సంతకం పెట్టేస్తున్నాం.

ఇది పల్లెటూరి గుమాస్తాల అజ్ఞానం అనుకునేవాళ్లకు గిట్‌ల్యాబ్ కథ చెప్పాలి. ప్రపంచంలోని ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే సంస్థ అది. 2017 జనవరి 31 రాత్రి ఒక ఇంజినీరు, చెరిపేయాల్సిన సర్వర్ అనుకుని అసలు సర్వర్‌లోని డేటాబేస్ ఫోల్డర్‌ను చెరిపేశాడు. సుమారు 300 జీబీ పోయింది. బ్యాకప్‌కు వాళ్ల దగ్గర పద్ధతులకు కొదవలేదు. రోజువారీ డంప్‌లు ఉండాల్సిన చోట చూస్తే ఖాళీ. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది, దాని మీద నడిచింది 9.2 వెర్షన్ పీజీడంప్. అది నడవనని ప్రతిసారీ ఆగిపోయింది. ఆ సంగతి చెప్పడానికి పంపిన మెయిళ్లను మెయిల్ సర్వర్ తిరగ్గొట్టింది. చివరికి, వేరే పనికోసం ఆ ఇంజినీరే సుమారు ఆరు గంటల ముందు తీసి ఉంచిన ఒక కాపీ వాళ్లను ఆదుకుంది. ఆ ఆరు గంటల డేటా పోయింది. వాళ్లలో నాకు నచ్చింది ఏమిటంటే, తిరిగి ఎక్కించడాన్ని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించారు, ఏ పద్ధతి ఎందుకు పనిచేయలేదో ఆ తర్వాత విడమరిచి రాశారు. మన దగ్గర సర్వర్ డౌన్ అనే రెండు మాటలతో సరిపెడతారు.

ఇప్పుడు రైతు సొమ్ము దగ్గరికి వద్దాం. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘాలు 63,000 దాకా కంప్యూటరీకరించడానికి కేంద్ర మంత్రివర్గం 2022 జూన్ 29న రూ. 2,516 కోట్ల పథకాన్ని ఆమోదించింది. నాబార్డు చేతుల మీదుగా దేశమంతటా ఒకే రకం సాఫ్ట్‌వేర్ నడవాలన్నది ఉద్దేశం. మంచి పనే. ఎవరి అప్పు ఎంతో కార్యదర్శి బీరువాలోని లెడ్జరుకు మాత్రమే తెలిసిన కాలం పోవాలి. కానీ లెడ్జరు చెడిపోతే ఒక సంఘానికే నష్టం. అందరి లెక్కలూ ఒకే చోట చేరితే అక్కడి దెబ్బ అందరికీ తగులుతుంది. 2024 జులై చివర్లో దాని రుచి చూశాం. సహకార, గ్రామీణ బ్యాంకులకు సాంకేతిక సేవలందించే సీ-ఎడ్జ్ టెక్నాలజీస్ మీద, ఫైళ్లకు తాళం వేసి డబ్బు గుంజే రాన్సమ్‌వేర్ దాడి జరిగింది. చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ జాగ్రత్త కోసం దాన్ని తన వ్యవస్థ నుంచి కాసేపు వేరుచేయాల్సి వచ్చింది. సుమారు 300 చిన్న బ్యాంకుల చెల్లింపులు ఆగాయి. ఆగస్టు 1న మళ్లీ కలిపారు కాబట్టి సరిపోయింది. రాన్సమ్‌వేర్‌కు ఒక గుణం ఉంది. కంప్యూటర్‌కు తగిలించి ఉంచిన పెన్‌డ్రైవ్‌ను కూడా వదలదు. రోజూ అక్కడే వేలాడే బ్యాకప్ ఆ దాడిలో అసలుతో పాటే పోతుంది.

చట్టం ఏమంటోందో చూద్దాం. 2022 ఆగస్టులో కంపెనీల లెక్కల నిబంధనలను సవరించారు. ఎలక్ట్రానిక్ ఖాతాల బ్యాకప్‌ను భారత్‌లోని సర్వర్‌లో రోజూ ఉంచాలన్నారు. అంతకుముందు 'నిర్ణీత కాలానికోసారి' అని ఉండేది. రోజూ అన్నారు, దేశంలోనే అన్నారు, బాగుంది. ఆ కాపీని ఏడాదికోసారైనా ఎక్కించి చూపించమన్న షరతు మాత్రం అందులో కనిపించదు.

కాపీ ఎక్కడుండాలన్నది మా ప్రాంతానికి వరదలే నేర్పాయి. 2023 జులైలో మున్నేరు పొంగి ఐతవరం దగ్గర 65వ నంబరు జాతీయ రహదారి మీదికి వచ్చింది. 2024 సెప్టెంబరు 1న గరికపాడు దగ్గర పాలేరు వంతెన పక్కన రోడ్డు కోసుకుపోయి హైదరాబాద్, విజయవాడల మధ్య రాకపోకలు తెగిపోయాయి. ఇలాంటి రోజున కొట్లోకి నీళ్లొస్తే, కంప్యూటరూ పక్క సొరుగులోని పెన్‌డ్రైవూ ఒకేసారి తడుస్తాయి. అమెరికా ఫొటోగ్రాఫర్ పీటర్ క్రో ప్రచారంలోకి తెచ్చిన లెక్క ఒకటుంది. మూడు ప్రతులు, రెండు రకాల పరికరాలు, అందులో ఒకటి వేరే ఊళ్లో. ఇంత చిన్న నియమాన్ని పెద్ద ప్రభుత్వాలే పాటించలేదు. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్‌లో ప్రభుత్వ డేటా కేంద్రానికి నిప్పంటుకుంది. ఉద్యోగుల ఫైళ్లు దాచే జీ-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లు కాలిపోయాయి. అంత పెద్దదానికి బయట బ్యాకప్ పెట్టడం కష్టమని పెట్టనే లేదు. సాంకేతికతలో మనకంటే ఎంతో ముందున్న దేశం అది!

వరద ఇంకో సంగతి కూడా చెప్పింది. కాపీ పక్క ఊళ్లో భద్రంగా ఉన్నా, దాన్ని ఎక్కించడం తెలిసిన ఒకే ఒక్క మనిషి హైదరాబాద్‌లో ఉంటే, దారి తెగిన రోజున ప్రయోజనం లేదు. నల్ల తెర మీద టైపు చేసే కమాండ్ లైన్ అంటే నాకున్న మమకారానికి కారణం ఇదే. మౌసుతో ఎక్కడెక్కడ నొక్కాలో ఫోన్లో చెప్పి ఇంకొకరితో చేయించడం నరకం. రెండు లైన్ల కమాండ్‌ను మాత్రం కాగితం మీద రాసి బీరువా తలుపు లోపల అంటించవచ్చు. ఇంటర్ చదివిన గుమాస్తా దాన్ని చూసి అక్షరం పొల్లుపోకుండా టైపు చేయగలడు. ఈరోజు చేసిన పనినే వచ్చే ఏడు ఇంకొకరు అచ్చంగా అలాగే చేయగలరు. ఒకటే జాగ్రత్త. ఆ కాగితం మీద పాస్‌వర్డ్ రాయకూడదు.

జగ్గయ్యపేట పక్కనే ధనబోడు కొండ మీద బౌద్ధ స్తూపం ఉంది. మూడో శతాబ్దంలో, ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 20వ పాలనా సంవత్సరంలో, సిద్ధార్థుడనే శిల్పి అక్కడ ఐదు ఆయక స్తంభాలు నిలబెట్టించాడు. ఆ దానం సంగతి దాదాపు ఒకే పాఠంతో మూడు స్తంభాల మీద చెక్కి ఉంది. ఒకచోట అక్షరం చెదిరితే ఇంకోచోట చూసుకోవచ్చు. ప్రతులు అలా తీయాలి! అయినా ఆ లిపి చదవడం జనం మరిచిపోయిన శతాబ్దాల్లో, మూడు ప్రతులుండీ ఆ శిల్పి మాట ఎవరికీ అందలేదు. 1837లో జేమ్స్ ప్రిన్సెప్ బ్రాహ్మీ లిపిని చదివి దారి చూపాడు. 1880ల్లో జేమ్స్ బర్జెస్ ఇక్కడ తవ్వి శాసనాలు బయటపెట్టాక సిద్ధార్థుడి పేరు మళ్లీ లోకానికి తెలిసింది. ప్రతి దాచడమూ దాన్ని చదవగల మనిషిని తయారుగా ఉంచుకోవడమూ రెండు వేర్వేరు పనులు. మొదటిది మనం యంత్రానికి అప్పగించాం. రెండోది ఎవరికీ అప్పగించలేదు.

బ్యాకప్‌ను ఎక్కించి చూడాలన్న మాటకు ఎదురయ్యే అభ్యంతరాలు నాకు తెలుసు. మొదటిది భయం. "పరీక్ష పేరుతో ఉన్న డేటా పోగొడితే?" అంటారు. అది అర్థం లేని భయం కాదు. మైఎస్‌క్యూఎల్‌డంప్ రాసే ఫైలులో, అదే పేరుతో ఉన్న పాత పట్టికను ముందు తీసేయమన్న ఆదేశం మామూలుగానే ఉంటుంది. పైగా డంప్ తీసేటప్పుడు 'డేటాబేసెస్' అనే మాట వాడి ఉంటే, ఏ డేటాబేస్‌లోకి ఎక్కాలో కూడా ఫైలులోనే రాసి ఉంటుంది. మనం పరీక్ష కోసం వేరే పేరిచ్చినా, అది నేరుగా అసలు డేటాబేస్‌లోకే వెళ్లి, నిన్న రాత్రి తర్వాత రాసిన బిల్లులన్నీ తుడిచేస్తుంది. కాబట్టి పరీక్షను అసలు మెషీన్ మీద చేయనే కూడదు. మూలన పడేసిన పాత కంప్యూటర్ చాలు. నెట్‌వర్క్ తీగ పీకేసి, దానిలో ఎక్కించాలి.

రెండోది, సమయం. చిన్న వ్యాపారం డేటా ఎక్కడానికి పట్టేది ఎక్కువసేపేమీ కాదు. ఎక్కాక చూడాల్సినవి కొన్నే. మైఎస్‌క్యూఎల్ డంప్ ఫైలు చివరి లైనులో 'డంప్ కంప్లీటెడ్' అని ఉందా? లేకపోతే అది మధ్యలో తెగింది. అసలులో ఎన్ని బిల్లులో ఇక్కడా అన్నే ఉన్నాయా? మొత్తం బాకీ రూపాయితో సహా కలిసిందా? ఒక రైతు ఖాతా తెరిస్తే పేరు తెలుగులో చదవగలుగుతున్నామా? మొదలుపెట్టిన వేళ, ముగిసిన వేళ రాసుకోవాలి. ఆపద వచ్చిననాడు కౌంటరు ముందు నిలబడ్డవాళ్లకు "సాయంత్రానికి వస్తుంది" అని చెప్పాలో, "ఎల్లుండి రండి" అని చెప్పాలో ఆ లెక్కే చెబుతుంది. పరీక్ష అయ్యాక ఆ ప్రతిని చెరిపేయాలి. అందులో ఆధార్ నంబర్లుంటాయి, అప్పులుంటాయి. పాత కంప్యూటర్‌తో పాటు అవి తుక్కు కొట్టుకు పోకూడదు.

మూడోది, "మా డేటా రాజధానిలోని సర్వర్‌లో ఉంటుంది, మాకేం సంబంధం?" అనే కార్యాలయాల మాట. రిజిస్ట్రేషన్ల శాఖ 1998లోనే 'కార్డ్' పేరుతో మన రాష్ట్రంలో దస్తావేజులను కంప్యూటర్‌కెక్కించింది. ఒక తరం గడిచింది. పొలం హక్కులు వెబ్‌ల్యాండ్‌లో, అప్పులు సంఘం సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. సర్వర్ ఎక్కడుందన్నది రైతుకు అక్కర్లేదు. అది పోతే ఎన్ని గంటల్లో నిలబెడతారు, ఏ క్షణం వరకూ ఉన్న లెక్క తిరిగొస్తుంది అన్నది కావాలి. ప్రతి శాఖా ఏడాదికోసారి ఈ రెండూ పరీక్షించి, ఫలితాన్ని తేదీతో సహా బయట పెట్టాలి. సర్వర్ చిరునామా చెప్పమనడం లేదు, తాళంచెవులు అడగడం లేదు. కాబట్టి భద్రత పేరు చెప్పి దాటవేయడానికి వీల్లేదు.

ప్రభుత్వం కదిలే వరకూ ఆగనక్కర్లేదు. సహకార సంఘంలో సభ్యత్వం ఉన్న ప్రతి రైతుకూ సర్వసభ్య సమావేశంలో ప్రశ్న అడిగే హక్కుంది. ఎరువుల స్టాకు గురించీ, రుణ పరిమితి గురించీ అడిగాక, లెక్కలు చివరిసారి ఎక్కించి చూసింది ఏ తేదీన, ఎవరు ఎక్కించారు, ఎంతసేపు పట్టింది అని కూడా అడగండి. కార్యదర్శి తేదీ చెబితే మినిట్స్ పుస్తకంలో రాయించండి. చెప్పలేకపోతే, మూడు నెలల్లో ఎక్కించి చూపాలని తీర్మానం పెట్టించి, దాని కింద సంతకం చేసి మరీ రండి.